బొర్రా నుంచి భీమిలి దాకా గోస్తనీ

బొర్రా గుహల్లో కింద పారే నీటి చప్పుడు విన్నాక, ఈ గోస్తనీ నది వెంట భీమిలి దాకా వెళ్లి చూడాలనిపించింది. చూశాను.

అనంతగిరి అడవుల్లో పుట్టే చిన్న నది. పొడవు సుమారు 120 కిలోమీటర్లే, కానీ చేసిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. వాననీరు గాలిలోని, అడవి మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొంచెం ఆమ్లంగా మారుతుంది. ఆ నీరే సున్నపురాయిని లక్షల ఏళ్లు కరిగిస్తూ ఇంత గుహ తొలిచింది. పైనుంచి జారే బొట్టు బొట్టూ వదిలిన సున్నం పేరుకుని ఆ వేలాడే రాళ్లయ్యాయి. గుహల మీదుగానే కిరండూల్ రైలు మార్గం! ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం విశాఖ పోర్టుకు వచ్చేది ఆ దారినే.

కొండ దిగితే తాటిపూడి రిజర్వాయర్. 1960ల్లో కట్టారు. చుట్టుపక్కల పొలాలకూ, విశాఖలో కొన్ని కుళాయిలకూ ఆ నీళ్లు వస్తాయి.

చివర భీమిలి. 17వ శతాబ్దంలో డచ్ వాళ్లు ఈ నదీ ముఖం దగ్గరే స్థావరం వేసుకుని బట్టల వ్యాపారం చేశారు. 1825లో ఊరు ఇంగ్లిష్ వాళ్ల చేతికి వెళ్లింది. డచ్ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి.

దారిలో ఒకచోట ఏటి మధ్య ఇసుక తోడిన గుంతలు చూసి మనసు చివుక్కుమంది. ఎండాకాలంలో నీటిని దాచేదీ, వడగట్టేదీ ఆ ఇసుకే కదా.

అరకు వెళ్లేవాళ్లు ఈసారి తాటిపూడిలో ఓ గంట ఆగండి. మనం తాగే నీళ్లు ఎక్కడివో పిల్లలకు చూపించండి.