రాజకీయ వంత ముందుగా ఊరు చేరాలి

బుర్రకథ దళమంటే ముగ్గురే మనుషులు. నడుమ తంబుర భుజాన వేసుకున్న కథకుడు, ఆయనకు చెరొక పక్క డక్కీలు అనే చిన్న వాద్యాలు మెడలో వేసుకుని వాయిస్తూ వంత పలికే ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు రాజకీయం, అంటే నేటి విషయాలు, చెబుతారు. మా దళంలో రాజకీయం నా వంతు. ఊరూరా తిరిగే ఈ జీవితంలో కథ చెప్పేది రాత్రి రెండు మూడు గంటలే అయినా, ఆ కథ ఆ ఊరిది అయ్యేది మాత్రం బస్సు దిగిన క్షణం నుంచి వేదిక ఎక్కేలోపు గడిచే సమయంలోనే అని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే మా కథకుడైన గురువుగారు ఎప్పుడూ నన్ను మిగిలిన ఇద్దరికంటే ముందు బస్సులో పంపిస్తారు.

శ్రీరామనవమి పందిళ్లు, వినాయక చవితి, దసరా నవరాత్రులు, శివరాత్రి తిరునాళ్లు మాకు పంట కాలాలు. ఆ రోజుల్లో అర్ధరాత్రి ఒక ఊరిలో మంగళం పాడి, సాయంత్రానికి మరో ఊరు చేరవలసి వస్తుంది. తంబుర బుర్ర ఎండిన సొరకాయతో చేసినదైతే దానిని బస్సులో పై అరలో పెట్టడానికి వీలులేదు; ఒక్క కుదుపుకు పగిలిపోతుంది కనుక చంటిబిడ్డను పట్టుకున్నట్లు దారి పొడవునా ఒళ్లోనే పెట్టుకోవాలి. మట్టి డక్కీలను పంచెలలో చుట్టి కాళ్ల మధ్య ఉంచుకుంటాము. గజ్జెలు, చేతి వేళ్లకు తొడిగి మోగించే అందెలు, తురాయి కుట్టిన తలపాగాలు, నిలువుటంగీలు, నడికట్లు అన్నీ కలిపి ఒకే పెట్టెలో ఇమిడిపోతాయి.

ఊరు చేరగానే నేను ముందుగా వెళ్లేది కమిటీ పెద్దల ఇంటికి కాదు, టీ కొట్టు దగ్గరకు. అక్కడ అరగంట కూర్చుంటే ఊరు తనంతట తానే మాట్లాడుతుంది. సాగర్ కుడి కాలువ చివరి భూముల వైపున్న ఒక ఊరిలో అలా కూర్చున్నప్పుడు, పక్కనున్న పెద్దాయన ఒకరు, "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగి, నేను చెప్పాక, "మీ ఊరికి నీళ్లొస్తయ్యిలే. మాదాకా వచ్చేసరికి కాలవలో తడే మిగుల్తది" అన్నారు. మిరప తోటలకు ఆఖరి తడి కోసం ఇంజన్లు అద్దెకు తెచ్చుకున్న సంగతి, డీజిలు ఖర్చు, పైవాళ్లతో తగవు అన్నీ ఆ తర్వాత వరుసగా చెప్పుకొచ్చారు. ఆ రాత్రి కథలో రాజు సభ తీర్చిన ఘట్టం రాగానే నేను డక్కీ ఆపి, "ఔనుగానీ గురువుగారూ, ఆ రాజ్యంలో కాలవ చివరి చేనుకు కూడా నీళ్లు అందేవంటారా?" అని అడిగాను. గురువుగారు వెంటనే, "అందకపోతే ఆ రాజును రాజని ఎందుకంటారు నాయనా!" అన్నారు. పందిరిలో ఒక్కసారిగా లేచిన కేకలకు తర్వాతి పాట ఎత్తుకోవడానికి చాలాసేపు ఆగవలసి వచ్చింది. ఆ ప్రశ్న ఏ ప్రతిలోనూ లేదు. మరుసటి ఊరిలో దానికి చోటు కూడా ఉండదు.

ఈ పని నేను కనిపెట్టినది కాదు. జంగం కథ నుంచి వచ్చిన ఈ కళారూపానికి వామపక్ష కళాకారుల సంఘమైన ప్రజానాట్యమండలి కాలంలోనే సమకాలీన విషయం ప్రాణమైంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టి, 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ గారు పల్నాటి యుద్ధాన్ని ఎంత బలంగా చెప్పారో, 1943 నాటి బెంగాల్ కరువును కూడా అంత బలంగానే కథగా చెప్పారు. ఎక్కడో ఆకలితో చచ్చిపోతున్న మనుషుల కోసం తెలుగు పల్లెల్లోని జనం కన్నీరు పెట్టుకున్నారంటే, అది వార్తను కథగా మలచగలిగిన దళాల వల్లనే సాధ్యమైంది. ఆ తర్వాతి కాలంలో కుటుంబ నియంత్రణ, పోలియో చుక్కలు, ఎయిడ్స్ వంటి అంశాలపై ప్రభుత్వ శాఖలు దళాలతో కథలు చెప్పించాయి. ఆ కార్యక్రమాలు ఎన్నో కుటుంబాలకు కూడు పెట్టాయి కనుక వాటిని నేను తక్కువ చేయను. అయితే ముందుగా రాసి ఇచ్చిన మాటలనే అన్ని ఊళ్లలోనూ అప్పజెప్పడం అలవాటైన వంత, ఊరిని వినడం మరిచిపోతాడని నా అభిప్రాయం.

పల్నాడులో కథ చెప్పడం మాత్రం వేరే పరీక్ష. కారంపూడిలో కార్తీక మాసాంతంలో పల్నాటి యుద్ధ వీరుల ఉత్సవాలు ఐదు రోజులు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క పేరు. వీరుల ఆయుధాలను నాగులేటిలో కడిగి ఊరేగిస్తారు. వీర విద్యావంతులు తరతరాలుగా తమ కుటుంబాలలో వస్తున్న పాటను పాడతారు. ఆ పాట వింటూ పెరిగిన జనం ముందు అన్ని కులాల వారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు గురించో, బాలచంద్రుడు యుద్ధానికి కదిలిన ఘట్టం గురించో చెప్పేటప్పుడు ఒక్క పేరు తప్పినా ముందు వరుసలోని వృద్ధులు చెయ్యెత్తి సరిదిద్దుతారు. గురజాల వైపు వెళితే బ్రహ్మనాయుడికి ఎదురు నిలిచిన నాగమ్మను పగ పట్టిన ఆడదానిగా మాత్రమే చూపిస్తే ఒప్పుకోరు. రాజ్యం నడిపిన మంత్రిగా ఆమె తెలివిని కూడా చెప్పాలి, అదే న్యాయం కూడా. అందువల్ల ఆ ప్రాంతానికి వెళ్లే ముందు మేము ముగ్గురమూ కూర్చుని నాగమ్మ ఘట్టాలను మళ్లీ చెప్పుకుంటాము, ఏ మాట ఉంచాలో ఏ మాట తీసేయాలో అక్కడే తేల్చుకుంటాము.

సాయంత్రం మంచు దిగడం మొదలైతే డక్కీ తోలు సడలి, మోత మందగిస్తుంది. వేదిక వెనుక ఎండుగడ్డి మంట వేసి, డక్కీని మరీ దగ్గరకు పోనీయకుండా తిప్పుతూ కాచి, మధ్యమధ్యలో వేలితో మీటి చూసుకోవాలి. కాక ఎక్కువైతే తోలు చిట్లుతుంది, తక్కువైతే మొదటి పాట ముగిసేలోపే మళ్లీ జారిపోతుంది. మా హాస్య వంత చెవికి డక్కీ ఆనించుకుని, కళ్లు మూసుకుని ఒక్క దెబ్బ కొట్టి, "ఇప్పుడు పలికింది" అంటే తప్ప నేను నాది మంట నుంచి తీయను. గురువుగారు ఆ సమయంలో ఎవరితోనూ మాట్లాడరు. శొంఠి వేసిన వేడినీళ్లు తాగుతూ, బొటనవేలికి తొడిగిన అందెను వేళ్ల మధ్యనున్న రెండో అందెకు తాకిస్తూ కథ నడకను లోలోపలే చూసుకుంటారు.

భోజనం కథ ముగిశాకనే. నిండు కడుపుతో అడుగులు వేస్తూ, ముందుకూ వెనక్కూ కదులుతూ, గొంతెత్తి పాడడం కుదరదు. పడక ఒక ఊరిలో బడి వరండా, మరో ఊరిలో గుడి మండపం, అదృష్టం బాగుంటే ఎవరింటి మిద్దెపైనో నవారు మంచం. మగవాళ్లం కనుక మేము ఎలాగో సర్దుకుంటాము. బుర్రకథ చెప్పిన మోటూరు ఉదయం గారి కాలం నుంచీ మహిళా దళాలు ఉన్నాయి, ఇప్పుడూ తిరుగుతున్నాయి. తలుపు గడియ పడే గది, స్నానానికి మరుగు అడగడానికి కూడా వాళ్లు మొహమాటపడవలసిన పరిస్థితి ఇంకా ఉండడం నాకు బాధగా ఉంటుంది.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. బయానా ముందుగా అందితే ప్రయాణ ఖర్చులకు సరిపోతుంది. కథ మధ్యలో వచ్చే చదివింపులను పేరుపేరునా చదివి, చివర ముగ్గురమూ పంచుకుంటాము.

దళాన్ని పిలవదలచిన కమిటీల వారికి నాదొక మనవి. వేదిక, దీపాలు, దండలు ఎలా ఉన్నా ఫరవాలేదు. మైకులు మాత్రం మూడు పెట్టించండి. ఒక్క మైకే ఉంటే వంతల మాట జనానికి చేరదు, ప్రశ్న వినపడకపోతే కథకుడి జవాబుకు అర్థమే ఉండదు. కథ సినిమా పాటల కార్యక్రమం తర్వాత కాకుండా ముందు పెట్టండి. మహిళా దళాన్ని పిలిస్తే గది సంగతి బయానా ఇచ్చే రోజే చెప్పండి. నాలాంటి వాడు మధ్యాహ్నమే వచ్చి టీ కొట్టు దగ్గర కూర్చుంటే, "ఇంత పెందలాడే ఎందుకొచ్చావు" అనకుండా, మీ ఊరిలో ఈ ఏడు ఏం జరిగిందో దాచకుండా చెప్పండి.