ఐరన్ మాత్ర పడనివాళ్ళ కోసం

ఐరన్ మాత్ర నాకు పడట్లేదంటే మన ఇళ్ళలో ఎవరూ ఓ పట్టాన నమ్మరు. "ఊళ్ళో అందరూ వేసుకుంటున్నారు, నీకొక్కదానికే ఎందుకు పడదు?" అంటారు. నాకు నిజంగానే పడలేదు. మింగిన అరగంటకే కడుపులో తిప్పేది. నోరంతా తుప్పు రుచి. దాని మీద మలబద్ధకం. హనుమకొండ దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మొదటి పీరియడ్ అయ్యేదాకా బల్ల పట్టుకునే నిలబడేదాన్ని.

అప్పటికి నా హిమోగ్లోబిన్ 7.9. గర్భంతో లేని ఆడవాళ్ళకి కనీసం 12 ఉండాలి. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ 15 కంటే తగ్గితే నిల్వ అయిపోయినట్టే లెక్క, నాది 6.

దీనికి చాలా ముందు నుంచే ఒక గుర్తు ఉంది, అది జబ్బు గుర్తని ఇంట్లో ఎవరికీ తట్టలేదు. బియ్యం డబ్బా మూత తీస్తే చాలు, నాకు నోరూరేది. ఎసట్లో పోసే లోపల ఒక పిడికెడు బుక్కేదాన్ని. "ఇప్పుడు బుక్కితే నీ పెళ్ళికి కాదు, నీ బిడ్డ పెళ్ళికి వాన పడుతది" అని అత్తమ్మ నవ్వేది. పచ్చి బియ్యం, బలపాలు, సుద్ద, మట్టి, ఐసు తినాలని మనసు లాగడం చాలామందిలో ఐరన్ తగ్గిందనడానికి గుర్తు. మీ ఇంట్లో ఆడపిల్ల బలపాలు తింటుంటే తిట్టకండి. రక్త పరీక్ష చేయించండి.

మొదట చూపించుకున్న చోట మాత్ర పడట్లేదని చెబితే "కొంచెం ఓర్చుకోవాలమ్మా" అని అదే మాత్ర మళ్ళీ రాశారు, పక్కన పరగడుపున వేసుకోమని గ్యాస్ మాత్ర ఒకటి చేర్చారు. మాత్రలోని ఐరన్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. గ్యాస్ మాత్ర ఆ ఆమ్లాన్నే తగ్గిస్తుంది. ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఓర్చుకోమనడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఎందుకంటే ఆ మాట విన్న ఆడవాళ్ళు మళ్ళీ డాక్టర్ దగ్గరికి పోరు. స్ట్రిప్పు ఫ్రిజ్ మీద అలాగే పడి ఉంటుంది, అడిగితే వేసుకుంటున్నాననే చెబుతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి రక్తహీనత తేలింది. వీళ్ళలో మాత్ర చేతికి అంది కూడా మింగలేకపోయినవాళ్ళు ఎంతమందో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

తర్వాత చూసిన గైనకాలజిస్ట్ మేడమ్ మందుచీటీ ముట్టుకోకముందే నన్ను ప్రశ్నలు అడిగింది. మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావు? టీ ఎప్పుడు తాగుతావు? థైరాయిడ్ మాత్ర ఉందా, కాల్షియం ఉందా? నెలసరి ఎన్ని రోజులు? ప్యాడ్ ఎంతసేపటికి మార్చాలి? చివరి ప్రశ్నకి నేను చెప్పిన జవాబు విని స్కానింగ్ రాసింది. గర్భసంచిలో ఫైబ్రాయిడ్ (క్యాన్సర్ కాని గడ్డ) ఉంది. పోయే రక్తం పోతూనే ఉంటే ఎన్ని మాత్రలు మింగినా చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే. అందుకే రక్తం ఎందుకు తగ్గిందో తేలకుండా వట్టి ఐరన్‌తో సరిపెట్టుకోకండి. కొందరికి నెలసరి, కొందరికి మొలలు, కొందరికి పేగుల్లో రక్తం పీల్చే కొంకి పురుగులు. తలసీమియా అనే రక్త లోపం తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చినవాళ్ళకైతే (తలసీమియా ట్రెయిట్) ఐరన్ తగ్గకపోయినా, తగ్గినవాళ్ళలోలాగే రక్తకణాలు చిన్నగా కనిపిస్తాయి. అందుకే ముందు ఫెరిటిన్ చూడటం మంచిది.

మాత్ర సంగతికి వస్తే, మేడమ్ రోజు విడిచి రోజు వేసుకోమంది. సగం వేసుకుంటే సగమే కదా పడుతుంది అని నాకు అనుమానం. అసలు విషయం ఏమిటంటే, ఐరన్ ఎక్కువ మోతాదులో లోపలికి పోగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ని పెంచుతుంది. అది దాదాపు ఒక రోజు పాటు పేగుల్లో ఐరన్ లోపలికి పోయే దారిని బిగిస్తుంది. మర్నాడు మళ్ళీ వేసుకున్న మాత్రలో తక్కువ భాగమే ఒంటికి పడుతుంది, పట్టనిది పేగుల్లోనే ఉండి వికారం, మలబద్ధకం తెస్తుంది. స్విట్జర్లాండ్‌లో ఐరన్ తక్కువున్న ఆడవాళ్ళ మీద చేసిన అధ్యయనాల్లో, ఒక రోజు విడిచి ఇచ్చినప్పుడు ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ ఐరన్ పట్టిందని తేలింది. ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

మాత్ర కూడా మార్చింది. స్ట్రిప్పు వెనక "ఎలిమెంటల్ ఐరన్", అంటే మాత్రలో ఉన్న అసలు ఐరన్, ఎంతో చూడటం నేర్చుకోండి, లెక్క అదే. నాకు మొదట ఇచ్చినదాంట్లో 100 మిల్లీగ్రాములు. ఫెర్రస్ గ్లూకోనేట్ అనే ఇంకో రకం ఐరన్ 300 మిల్లీగ్రాముల మాత్రలో సుమారు 35 మాత్రమే. పరగడుపున అయితే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది, నిజమే, కానీ వాంతి చేసుకునేదానికంటే నాలుగు ముద్దలు తిన్నాక వేసుకోవడమే నయం. నేను రాత్రి భోజనమయ్యాక నిమ్మకాయ నీళ్ళతో వేసుకున్నాను. టీకీ మాత్రకీ మధ్య రెండు గంటలు వదిలాను. కాల్షియం వేరే పూట. థైరాయిడ్ మాత్ర ఉంటే నాలుగు గంటలు ఎడం ఉంచాలి. మలం నల్లగా వస్తే ఐరన్ వల్లే అనుకోవచ్చు, తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే మాత్రం వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.

తిండి గురించి అందరూ చెప్పేవాళ్ళే. బీట్‌రూట్ ఎర్రగా ఉంటుందని రోజూ జ్యూస్ తాగించారు. 100 గ్రాముల బీట్‌రూట్‌లో 1 మిల్లీగ్రాము ఐరన్ కూడా ఉండదు. మాంసం తినేవాళ్ళకి కార్జం, నల్ల (వండిన మేక రక్తం) మంచివి, వాటిలో ఐరన్ త్వరగా పడుతుంది. పప్పులు, తోటకూర, నువ్వులు తినేవాళ్ళు పక్కన ఉసిరికాయో జామకాయో పెట్టుకోవాలి. గర్భిణులు మాత్రం కార్జం సంగతి డాక్టర్‌ని అడగాలి. అయితే ఫెరిటిన్ 6 ఉన్న మనిషి తిండితోనే లేస్తుందని ఆశ పెట్టకూడదు.

మాత్ర పడింది కానీ నా నెలసరి ధాటికి చాల్లేదు. చివరికి ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఐరన్ మందు సెలైన్‌లో కలిపి నరం ద్వారా ఎక్కించారు. ఇంజెక్షన్ అంటే పాతకాలం రియాక్షన్లు గుర్తొచ్చి అమ్మ ఫోన్లో ఏడ్చింది. ఇప్పటి మందుల్లో తీవ్రమైన రియాక్షన్ అరుదు. ఎక్కించాక అరగంట కూర్చోబెట్టి చూస్తారు. సూది దగ్గర మంటగా ఉంటే అప్పుడే నర్సుకి చెప్పండి, మందు బయటికి కారితే చర్మం మీద గోధుమ రంగు మచ్చ ఉండిపోతుంది. గర్భం మొదటి మూడు నెలల్లో ఇది ఇవ్వరు.

వారాలు గడిచేకొద్దీ మెట్లు ఎక్కితే ఆయాసం తగ్గింది. పచ్చి బియ్యం మీద మనసు పోవడం ఎప్పుడు ఆగిందో నాకే తెలియదు. ఇప్పుడు హిమోగ్లోబిన్ 11.8. నిల్వ కూడా నిండాలని మాత్ర ఇంకా మూడు నెలలు వేసుకోమన్నారు.

మా స్కూల్లో ఆడపిల్లలకి వారానికోసారి నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తాం. దాంట్లో 60 మిల్లీగ్రాముల ఐరన్. కొందరు నాలుక కింద పెట్టుకుని బయటికి పోయి ఊస్తారు. వాళ్ళని పట్టుకుని మందలించడం నా వల్ల కాదు. "పడట్లేదు టీచర్" అన్న పిల్లని ముందు పొద్దున ఏం తిన్నావని అడుగుతాను. చాలామంది ఏమీ తినకుండానే వస్తారు. మధ్యాహ్న భోజనం అయ్యాక నా ఎదురుగానే వేయించి, కాసేపు అక్కడే కూర్చోబెట్టుకుంటాను. అలా కూడా పడని పిల్ల ఒకతి ఉంది. వచ్చే వారం వాళ్ళమ్మతో పాటు పీహెచ్‌సీకి నేనే తీసుకుపోతున్నాను.