చావింట్లో పలకరింపు

ఎవరైనా చనిపోతే ఆ ఇంటికి వెళ్ళడాన్ని మనం "పలకరించి రావడం" అంటాం. ఆ మాటలోనే పలుకు ఉంది కాబట్టో ఏమో, వెళ్ళిన ప్రతివాళ్ళకీ ఏదో ఒకటి అనకపోతే బాకీ ఉండిపోయినట్టు అనిపిస్తుంది. ఆ తొందరలో బైబిలు వాక్యం బాగా తెలిసినవాళ్ళ నోటి నుంచే ఆ ఇంటివాళ్ళు ఏళ్ళ తరబడి మర్చిపోలేని మాటలు వచ్చేస్తాయి. చెడ్డ మనసుతో ఎవరూ అనరు. ఊరికే కూర్చోలేక అంటారు. నాలుక గురించి మన క్రైస్తవ సంఘంలో ప్రసంగాలు చాలా వింటాం. అబద్ధం, కొండెం, బూతు గురించి హెచ్చరిస్తారు. ఓదార్చబోయి గాయం చేసే మాట గురించి చెప్పేవాళ్ళు తక్కువ.

బైబిల్లోని యోబు గ్రంథాన్ని ఈ కోణంలో ఒకసారి చదవండి. ఆయన పిల్లలు 10 మంది ఒకే ఇంట్లో భోజనం చేస్తుండగా ఇల్లు కూలి చనిపోయారు. ముగ్గురు స్నేహితులు వచ్చి 7 పగళ్ళు, 7 రాత్రులు ఆయనతో నేలమీద కూర్చున్నారు. ఆయన బాధ ఎంత పెద్దదో చూసి ఎవరూ ఒక్క మాట కూడా పలకలేదు. వాళ్ళు చేసిన మేలు అక్కడికే. నోరు తెరిచాక ఎలీఫజు "నిరపరాధి ఎప్పుడైనా నశించాడా?" అన్నాడు. బిల్దదు ఇంకో అడుగు ముందుకేసి, నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, అందుకే దేవుడు వాళ్ళని అలా అప్పగించాడన్నాడు. 10 మందిని పోగొట్టుకున్న తండ్రి ముఖం మీద ఆ మాట! 16వ అధ్యాయంలో యోబు ఇచ్చిన జవాబు మన ప్రతి సంఘంలో గోడమీద రాసుకోదగ్గది: "మీరందరు బాధకే కర్తలుగాని ఆదరణకు కర్తలు కారు." చివర్లో దేవుడి కోపం రగిలింది కూడా ఆ స్నేహితుల మీదే. వాళ్ళు మాత్రం ఆద్యంతం దేవుడి పక్షాన మాట్లాడుతున్నామనే అనుకున్నారు.

ఇక మన షామియానా కిందికి వద్దాం. బయట ప్లాస్టిక్ కుర్చీలు, లోపల ఫ్రీజర్ బాక్సు, దాని పక్కన చాపమీద భార్య. వచ్చిన ప్రతివాళ్ళూ ఆమె దగ్గర వంగి అడిగే మొదటి ప్రశ్న, "ఎలా జరిగిందమ్మా?" ఆమె మళ్ళీ మొదలుపెడుతుంది. తెల్లవారుజామున చెమటలు పట్టడం, ఆటో దొరక్కపోవడం, హాస్పిటల్లో డాక్టరు అన్న మాట. సాయంత్రానికి అదే కథ ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో లెక్క ఉండదు. చెప్పిన ప్రతిసారీ ఆ గంటలోకి ఆమె మళ్ళీ వెళ్ళి రావాలి. కాబట్టి ఆ ప్రశ్న గుమ్మం బయటే, మరిదినో పక్కింటివాళ్ళనో అడిగి తెలుసుకోండి. భూస్థాపన ఎప్పుడు, ఎక్కడ, ఎవరి కోసం ఆగారు, అన్నవి కూడా అక్కడే. ఇంకొకటి తప్పకుండా అడగాలి: ఎవరికైనా ఇంకా చెప్పలేదా? ముసలి తల్లికో, పరీక్షలు రాస్తున్న కూతురికో విషయం దాచి ఉంచిన ఇళ్ళు ఉంటాయి. తెలియక నోరు జారితే దాన్ని వెనక్కి తీసుకోలేం.

లోపలికి వెళ్ళాక "ప్రైజ్ ద లార్డ్" అని గట్టిగా అనకండి. ఆమె చాపమీద ఉంటే మీరూ చాపమీదే కూర్చోండి. నిలబడి మాట్లాడితే ఆమె తల ఎత్తి జవాబు చెప్పాల్సి వస్తుంది. చెయ్యి పట్టుకునేంత చనువుంటే పట్టుకోండి. అనదగ్గ మాటలు చిన్నవి. "అక్కా, నేనొచ్చాను." "ఏమనాలో తెలియట్లేదక్కా." ఇవి చాలు. ఇంకా ఏదైనా అనాలనిపిస్తే పోయిన మనిషి గురించి మీకు తెలిసిన ఒక్క నిజమైన సంగతి చెప్పండి: "అన్న మా వాడికి సండేస్కూల్లో నేర్పిన వాక్యాలు వాడు ఇప్పటికీ ఒప్పజెప్తాడక్కా." ఇది వెయ్యి వాక్యాల పెట్టు. ఎందుకంటే ఆ క్షణంలో ఆమె భయం, ఇక ఆయన్ని తను తప్ప ఎవరూ గుర్తుపెట్టుకోరేమోనని. పేరు పెట్టి, సంగతి పెట్టి చెప్పిన మాట ఆ భయాన్ని కాస్త తగ్గిస్తుంది. "చాలా మంచాయన" లాంటి మాట అందరికీ సరిపోతుంది కాబట్టే ఎవరికీ ఆనదు. ఆమే చెప్పాలనుకుంటే మాత్రం చివరిదాకా వినండి. మధ్యలో "మా నాన్నకీ ఇలాగే" అని మీ కథ ఎత్తుకోవద్దు. మొదటిరోజు ఒక పావుగంట కూర్చుంటే చాలు.

"దేవుడు ఎందుకిలా చేశాడు?" అని ఆమె అడగొచ్చు. అరవొచ్చు కూడా. "అయ్యో, అలా అనకూడదమ్మా" అని నోరు మూయించకండి. 10వ కీర్తన మొదలయ్యేదే "యెహోవా, నీ వెందుకు దూరముగా నిలుచుచున్నావు?" అన్న ప్రశ్నతో. బైబిలు ఆ ప్రశ్నను ప్రార్థనగా దాచి ఉంచింది. మనం దాన్ని పాపంగా లెక్కకట్టడం ఎందుకు? యోహాను సువార్త 11వ అధ్యాయంలో చూడండి. లాజరు సమాధిలో 4 రోజులైంది. మార్త యేసుకి ఎదురొచ్చి "నువ్విక్కడ ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాదు" అంటుంది. కాసేపటికి మరియ వచ్చి అదే మాట అంటుంది. అందులో నిష్ఠూరం ఉంది, ఆయన ఇద్దరినీ తప్పుపట్టలేదు. మార్తతో పునరుత్థానం గురించి మాట్లాడాడు. మరియ ఏడుస్తుంటే మాత్రం "అతన్ని ఎక్కడ ఉంచారు?" అని అడిగి, కన్నీళ్ళు విడిచాడు. ఒకే మాట అన్న ఇద్దరు అక్కచెల్లెళ్ళకి రెండు రకాల జవాబులు. ఎవరికి మాట కావాలో, ఎవరికి కన్నీళ్ళు కావాలో ఆయన మనిషిని చూసి ఎంచుకున్నాడు. మనం మాత్రం ఇంటినుంచి బయల్దేరేటప్పుడే వాక్యం సిద్ధం చేసుకుని వెళ్తాం, అక్కడ ఎవరున్నా అదే అప్పజెప్తాం.

ఆ వాక్యాల సంగతి కూడా చెప్పుకోవాలి. "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" అన్నది సత్యమే. కానీ ఎవరన్నారు? పోగొట్టుకున్న యోబే అన్నాడు, తన గురించి. పరామర్శకి వచ్చినవాళ్ళు ఆయనతో అన్న మాట కాదది. ఏడుస్తున్న మనిషి నోట అది ఆరాధన. పక్కన కూర్చున్నవాడు అంటే "ఇక ఊరుకో" అన్నట్టే వినిపిస్తుంది. రోమా 8:28 కూడా అంతే. "మేలుకలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి" అని మొదటిరోజు చెప్తే, నీ భర్త చావు మేలే అని చెప్పినట్టు ఆమె చెవిన పడుతుంది. అదే వాక్యం రెండేళ్ళ తర్వాత ఆమే సంఘం ముందు సాక్ష్యంలో చెప్పొచ్చు. అప్పుడు అందరం ఆమేన్ అందాం.

ఎక్కువ హాని చేసేది 1 థెస్సలొనీకయ 4:13. "విశ్వాసులం, ఏడవకూడదు" అనడానికి దీన్నే చూపిస్తారు. ఆ పత్రికలో అపొస్తలుడైన పౌలు రాసింది నిరీక్షణ, అంటే తిరిగి లేస్తామన్న ఆశ, లేనివాళ్ళలా దుఃఖపడొద్దని. అసలు దుఃఖపడొద్దని ఎక్కడా రాయలేదు. అదే పౌలు రోమా 12లో "ఏడ్చువారితో ఏడువుడి" అన్నాడు. ఏడుపు ఆపమన్నందువల్ల ఆ బాధ పోదు. అందరూ వెళ్ళాక ఒంటరిగా, పైగా తన విశ్వాసం తక్కువేమో అన్న అపరాధభావంతో బయటికొస్తుంది.

స్వస్థత కోసం నెలల తరబడి ఉపవాసాలుండి ప్రార్థించిన ఇంట్లో ఈ విషయం ఇంకా సున్నితం. "ఇంకొంచెం విశ్వాసం ఉండి ఉంటే", "ఏదో ఒప్పుకోని పాపం అడ్డుపడి ఉంటుంది" అని ఆ గుమ్మంలో గుసగుసగా కూడా అనకండి. సిలోయము గోపురం పడి చనిపోయిన 18 మంది మిగతావాళ్ళకంటే ఎక్కువ అపరాధులా అని యేసే అడిగి, కాదని జవాబు కూడా చెప్పాడు, లూకా 13లో. పసిబిడ్డ పోయిన తల్లితో "ఇంకో బిడ్డని ఇస్తాడులే", "దేవుడి తోటకి పువ్వు కావాల్సొచ్చింది" అనడమూ వద్దు. ఆమెకి కావాల్సింది ఈ బిడ్డే. గర్భం పోయినవాళ్ళకీ అదే వర్తిస్తుంది. ఇక పోయింది భర్తయితే, ఆ చావుకి కోడలి అడుగునో జాతకాన్నో ముడిపెట్టే మాట ఏ బంధువు నోటినుంచి వచ్చినా, అక్కడే మెల్లగా "అలా అనొద్దు పిన్నీ" అని అడ్డుపడాలి. అక్కడ మౌనంగా ఉంటే ఆ మాటకి ఒప్పుకున్నట్టే.

ఆత్మహత్య జరిగిన ఇల్లైతే చాలామంది అసలు వెళ్ళరు. దయచేసి వెళ్ళండి. ఎలా చేసుకున్నాడు, ఉత్తరం రాశాడా అని అడగొద్దు. అతను పరలోకానికి వెళ్ళాడా లేదా అని తీర్పు చెప్పే అధికారం మనకెవరూ ఇవ్వలేదు. "నేను ముందే కనిపెట్టాల్సింది" అని తల్లి కుమిలిపోతుంటే వాదించకుండా వినండి. "నాకూ బతకాలని లేదు" అన్న మాట వినబడితే దాన్ని మామూలు ఏడుపు కింద కొట్టేయొద్దు. ఆ రాత్రి ఎవరో ఒకరు ఆమెతో ఉండేలా చూడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు ఇంటి పెద్దకి ఇవ్వండి.

ప్రార్థన చేయమంటే రెండు నిమిషాలు దాటనివ్వకండి. ముందు "ప్రార్థన చేయమంటారా?" అని అడగండి. ఒక్కోసారి అప్పటికే పదిమంది చేసి ఉంటారు. పోయిన మనిషి పేరు, మిగిలినవాళ్ళ పేర్లు, ఈ రాత్రి నిద్ర, రేపటి భూస్థాపన, ఇవి చాలు. కళ్ళు మూసుకుని దేవుడితో మాట్లాడుతున్నట్టు కనిపిస్తూ కుటుంబానికి బుద్ధి చెప్పే ప్రార్థనలు కొన్ని ఉంటాయి. "ప్రభువా, ఇకనైనా ఈ పిల్లలు నీ మందిరానికి వచ్చేలా చేయి" లాంటివి. అది ప్రార్థన రూపంలో ఎత్తిపొడుపు. ఇంటివాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది.

పోయినవాళ్ళ జ్ఞాపకార్థం పెట్టే ఆదరణ కూడికలో మైకు చేతిలో ఉంటుంది కాబట్టి జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలి. జబ్బు పేరు, చివరి గడియల వివరాలు, హాస్పిటల్ బిల్లు ఎంతైంది, ఇవి కుటుంబం అనుమతి లేకుండా చెప్పకూడదు. ఎవరు మాట్లాడాలో ముందురోజే ఇంటివాళ్ళని అడిగి, ముగ్గురికి మించకుండా, ఒక్కొక్కరికి 5 నిమిషాలు అనుకుంటే మేలు. వచ్చినవాళ్ళలో హిందూ బంధువులు, ఆఫీసువాళ్ళు ఉంటారు. నిరీక్షణ గురించి స్పష్టంగా చెప్పొచ్చు, చెప్పాలి కూడా. "రేపు నీ పెట్టె కూడా ఇలాగే లేస్తుంది" అని బెదిరిస్తే మాత్రం వాళ్ళు భోజనాలకి కూడా ఆగరు.

ఫోన్ల విషయంలో ఒక్కటే నియమం: దగ్గరి బంధువులకి తెలిసిందని నిర్ధారించుకునేదాకా సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. డల్లాస్‌లో ఉన్న కొడుక్కి తండ్రి చావు గ్రూపు మెసేజ్‌లో తెలియకూడదు. పెట్టె ఫోటో అసలు వద్దు. దూరంగా ఉండి రాలేకపోయిన అలాంటి కొడుక్కి ఫోన్ చేస్తే "చివరిచూపుకి రాలేకపోయావే" అనొద్దు. వాడు రోజంతా తనతో తాను అనుకుంటున్నది అదే.

"ఏ అవసరమున్నా చెప్పండి" అన్న మాట మంచిదే కానీ, దుఃఖంలో ఉన్నవాళ్ళు ఎవరినీ అడగరు. పని పేరు చెప్పండి. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. బ్యాంకుకి, ఇన్సూరెన్సుకి, పింఛనుకి ఆ ధ్రువపత్రమే ఆధారం. "తమ్ముడూ, సోమవారం పొద్దున వస్తాను, ఆధార్ కార్డులు తీసి ఉంచు, కలిసి వెళ్దాం" అంటే అది ఓదార్పు.

ఇదివరకే ఎవరినైనా మాటతో నొప్పించారా? ఎన్నాళ్ళైనా ఫర్వాలేదు, వెళ్ళి చెప్పండి: "అక్కా, ఆరోజు నేనన్న మాట తప్పు. క్షమించు." "నా ఉద్దేశం అది కాదు" అని తోక తగిలించొద్దు. ఉద్దేశం గురించి మొదలుపెడితే, ఆమే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది.

మూడోవారం దాటాక చాలామంది రావడం మానేస్తారు. పుట్టినరోజు, పెళ్ళిరోజు, ఆయన లేని మొదటి క్రిస్మస్ తేదీలు మీ ఫోన్లో రాసిపెట్టుకోండి. డిసెంబరు 24 సాయంత్రం, ఇంటిమీద స్టార్ ఎవరు కట్టాలో తెలియక ఆమె కూర్చుని ఉంటుంది. అప్పుడు ఫోన్ చేసి అనాల్సింది ఇంతే: "అక్కా, అన్న గుర్తొచ్చాడు. నిచ్చెన తీసుకుని వస్తున్నాను."