జ్వరం తగ్గినా రక్తం ఇంకా తేరుకోదు

వానాకాలం చివరికొచ్చేసరికి హైదరాబాదులో డెంగీ మాట వినిపించని వీధి ఉండదు, ఆ మాటంతా ప్లేట్‌లెట్ల లెక్క చుట్టూనే తిరుగుతుంది. ఆ లెక్క బాగుపడ్డాక కూడా రక్తంలోని కొవ్వులు, చక్కెర, ఇనుము కొంతకాలం తారుమారుగానే ఉంటాయన్న సంగతి ఇంటివారికి విడమరచి చెప్పవలసినంత ముఖ్యమైనదని నా అభిప్రాయం.

మా పెద్దన్నయ్య డెంగీ నుంచి లేచిన కొద్ది రోజులకే ఫుల్ బాడీ చెకప్ చేయించుకున్నారు. కొలెస్ట్రాల్ బాగా తగ్గిందని వదిన సంతోషించి, కొలెస్ట్రాల్‌కు వేసుకునే మాత్ర ఇక ఆపేయవచ్చా అని అడిగింది. ఆపవద్దన్నాను. వైరస్ సోకినప్పుడు రోగనిరోధక కణాలు విడుదల చేసే సైటోకైన్లనే సంకేత ప్రోటీన్ల ప్రభావంతో కాలేయం తన పని తీరునే మార్చుకుంటుంది. వాపును సూచించే సీఆర్‌పీ, ఇనుమును నిల్వచేసే ఫెర్రిటిన్ అనే ప్రోటీన్లు పెరుగుతాయి, రక్తంలోని ముఖ్య ప్రోటీను ఆల్బుమిన్ తగ్గుతుంది, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ రెండూ పడిపోతాయి, ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు మాత్రం తరచుగా పెరుగుతాయి. అది జబ్బు చేసిన పనే గాని ఆరోగ్యానికి గుర్తు కాదు. ఫెర్రిటిన్ ఎక్కువగా ఉన్నంత మాత్రాన ఒంట్లో ఇనుము పుష్కలంగా ఉందని కూడా అనుకోకూడదు, ఎందుకంటే ఆ సమయంలో హెప్సిడిన్ అనే హార్మోను ఇనుమును కణాలలోనే నిలిపివేసి రక్తంలోకి రానివ్వదు.

నన్ను అన్నిటికంటె ఆకట్టుకున్నది ఆహారంలోని ప్రోటీన్ల నుంచి వచ్చే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కథ. ఇంటర్‌ఫెరాన్ గామా అనే సైటోకైన్ ప్రేరణతో ఐడీవో అనే ఎంజైము దీన్ని కైనురెనిన్ అనే మరో పదార్థంగా మారుస్తుంది; అందువల్ల డెంగీలోనూ కోవిడ్‌లోనూ రక్తంలో మొదటిది తగ్గి రెండవది పెరుగుతుంది. శరీరం నాడుల మధ్య సందేశాలు మోసే సెరొటోనిన్‌ను, బీ విటమిన్లలో ఒకటైన నయాసిన్‌ను కొంత తయారుచేసుకునేది కూడా ఈ ట్రిప్టోఫాన్ నుంచే. జొన్నలే ప్రధానాహారమైన దక్కన్ పేదలలో అప్పట్లో కనిపించిన పెల్లాగ్రా అనే నయాసిన్ లోపపు జబ్బుకూ ఈ దారికీ సంబంధముందని హైదరాబాదులోనే పోషకాహార శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకంటియా 1960లో ప్రతిపాదించారని తెలిసినప్పుడు, తార్నాక మీదుగా వెళ్లే ప్రతిసారీ వారు పనిచేసిన జాతీయ పోషకాహార సంస్థ వైపు గౌరవంగా చూడటం నాకు అలవాటైంది. కోవిడ్ తర్వాత నెలల తరబడి నీరసం వీడనివారిలో కొందరికి సెరొటోనిన్ తగ్గి ఉందని, పేగు ట్రిప్టోఫాన్‌ను సరిగా గ్రహించకపోవడం అందుకు ఒక కారణం కావచ్చునని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో ప్రకటించారు. ఆ నీరసాన్ని బద్ధకమని కొట్టిపారేసేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

చక్కెర విషయంలో మాత్రం ఉపేక్ష తగదు. జ్వరంలో కార్టిసాల్, అడ్రినలిన్ అనే ఒత్తిడి హార్మోన్లు పెరిగి, కండరాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించక చక్కెర తాత్కాలికంగా పెరగవచ్చు. కాని అంతకుముందే తెలియకుండా ఉన్న మధుమేహం అప్పుడే బయటపడినా పడవచ్చు. రక్తంలో చక్కెర సుమారు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఎ1సీ పరీక్ష ఈ రెండింటినీ వేరుచేసి చూడటానికి వైద్యులకు సాయపడుతుంది. కొవ్వుల పరీక్షను కొన్ని వారాలు ఆగి మళ్లీ చేయించుకోవాలి. ఈలోగా పాత రిపోర్టును ఎవరికి చూపించినా, జ్వరం ఎప్పుడు వచ్చి ఎప్పుడు తగ్గిందో ఆ తేదీలను కూడా తప్పక చెప్పాలి.