క్లాస్ అంటే జీతమొక్కటేనా?

క్లాస్ (సమాజంలో ఎవరిది ఏ వర్గం అన్నది) అనగానే జీతమెంత అని చూస్తాం, కానీ మార్క్స్ చూసింది వేరే, భూమీ ఫ్యాక్టరీలూ ఎవరి చేతిలో ఉన్నాయి, కష్టం అమ్ముకునేది ఎవరు అని. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ దానికి హోదా, అధికారం కూడా కలిపాడు. నాకైతే బాగా నచ్చింది ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త బోర్దియూ చెప్పిన కల్చరల్ క్యాపిటల్, అంటే ఇంటినిండా పుస్తకాలుండి, పెద్దవాళ్ళతో బెరుకు లేకుండా మాట్లాడటం చిన్నప్పట్నుంచే అలవాటైన పిల్లాడు రేపు ఇంటర్వ్యూలో అదరగొడితే అందరూ టాలెంట్ అంటారు, అది ఇంట్లోంచి వచ్చిన ఆస్తి అని ఎవరికీ తట్టదు (వాడిక్కూడా!). పేదరికం కూడా అంతే, తిండికే లేకపోవడం ఒకటి, తిండుండి కూడా చుట్టూ ఉన్నవాళ్ళలా మామూలుగా బతకలేకపోవడం ఇంకోటి, 1979లో బ్రిటన్ సామాజిక శాస్త్రవేత్త పీటర్ టౌన్‌సెండ్ గట్టిగా వాదించింది ఈ రెండోదాని గురించే. ఇక ఆదాయంలో అసమానతని కొలిచే గినీ నంబర్ 0 అయితే అందరికీ సమానం, 1 అయితే మొత్తం ఒక్కడికే, కానీ కింద ఇరుక్కుపోయింది ఎవరో అది చెప్పదు.