నారికేళపాకం అన్న ముద్ర

ఇవాళ పొద్దుటి సాధన అంతా ముత్తుస్వామి దీక్షితర్ కృతి ‘అక్షయలింగ విభో’కే సరిపోయింది. శంకరాభరణం రాగం, మిశ్రచాపు తాళం.

త్యాగరాజును వింటూ పెరిగిన తెలుగు చెవికి దీక్షితర్ అంటే ఓ జంకు. సంస్కృతం, సాగదీత, పాండిత్యం! త్యాగరాజుది ద్రాక్షాపాకం, నోట్లో వేసుకుంటే చాలు, దీక్షితర్‌ది నారికేళపాకం, పీచు తీసి పెంకు పగలగొట్టాలి అని ముందే చెప్పి కూర్చోబెడతారు. ఇక పీచు తప్ప ఏం కనిపిస్తుంది?

విసుగుకి అసలు కారణం చాలాసార్లు సాహిత్యం కాదు, కాలప్రమాణం, అంటే పాడే వేగం. త్యాగరాజ కృతుల్లో పల్లవిని సంగతి మీద సంగతి (అదే పంక్తిని కొత్తగా మలిచి పాడడం) వేసి పెంచుతారు. దీక్షితర్ దగ్గర ఆ పెంపకం పంక్తి లోపలే ఉంటుంది. ఆయన వైణికుడు, ఒక్కో దీర్ఘంలో ఒక మీటూ, దాని వెంట సాగే గమకమూ (స్వరాన్ని ఊపి పలికించడం) ఇమిడి ఉంటాయి. వేగం పెంచితే ముందు పోయేది అదే. మిగిలేవి సమాసాలు.

పల్లవి పాడుతూ కాలం పట్టుకోవడమే చిక్కు తెస్తుంది. ముందుగా చరణం చివర రెట్టింపు వేగంతో నడిచే మధ్యమకాలం ‘సదాశ్రిత కల్పక మహీరుహ పదాంబుజ’ పాడి చూడాలి. ‘మహీరుహ’లో రెండు హకారాలూ స్పష్టంగా పలికే వేగం ఎంతో, అందులో సగం పల్లవికి. అది మొదట్లో మరీ నెమ్మది అనిపిస్తుంది, అనిపించనీ.

తర్వాత ఊపిరి. ‘మాయాకార్య కలనారహిత’ అన్నచోట ‘కల’ దగ్గర ఆగితే ‘నారహిత’ మిగులుతుంది, అర్థం గోవిందా; మాటలు ‘కలనా’, ‘రహిత’ కదా. నిజానికి ఎక్కడ ఆగాలో దీక్షితరే చరణం పాదాల చివర చూపించారు: సహిత, విహిత, మహిత, రహిత. పద్యం అలవాటున్నవాళ్ళకి పాదాల మొదట బదరీ, మదన, సదయ, సదాశ్రిత అంటూ రెండో అక్షరం ప్రాస కూడా తగులుతుంది.

ఈ రాగం స్వరాల్లోనే ఆయన నొట్టుస్వరాలూ (పాశ్చాత్య వరసలకు సంస్కృత సాహిత్యం పెట్టిన చిన్న పాటలు) కట్టారు. ‘సంతతం పాహి మాం’ బ్రిటిష్ రాజగీతం ‘గాడ్ సేవ్ ది కింగ్’ వరసే. గమకం దాదాపు ఉండదు. రెండూ వెంటవెంటనే వింటే శంకరాభరణంలో ఉత్త స్వరాల మెట్లు ఏవో, రాగం ఏదో విడివిడిగా తెలుస్తాయి. పాఠాల్లో ఈ జత ఎందుకు పెట్టరో!

ఆయన కృతులను స్వరాలతో ఇచ్చిన పుస్తకం, ఆ వంశంలోని సుబ్బరామ దీక్షితర్ రాసిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయాపురంలో తెలుగు లిపిలోనే అచ్చయింది. అందులో స్వరాలకు గమక చిహ్నాలు ఉన్నాయి. ముందు ఆ గుర్తుల వివరణ చదవాలి. అవి వదిలేసి ఉత్త స్వరాలు పాడేవాళ్ళ నోట పెద్ద కృతి కూడా నొట్టుస్వరమే అవుతుంది.