ఇసుకలో ఆదివారం

ఇవాళ ఐదున్నరకే లేచాడు మావాడు. రాత్రే బొమ్మ కార్డులు గోడకి వరసగా అంటించి ఉంచాను. బూట్లు, స్కూటీ, సముద్రం, తాడు, నీళ్ల సీసా, చివర్లో ఇల్లు. ఒక్కొక్కటీ వేలితో తాకుతూ వెళ్లి, ఇల్లు బొమ్మ దగ్గర రెండుసార్లు తట్టి, అప్పుడు గుమ్మం దిగాడు.

ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దాటి కొంచెం ముందుకెళ్తే జనం పలచబడతారు. మేం కలిసేది అక్కడే. ఆరుగురు పిల్లలు, అందరికీ ఆటిజం. ఒక్కొక్కరి వెనక అమ్మో నాన్నో తాతయ్యో. ఆటలు నేర్పించే మేడంగారు ఈల వాడరు. ఈల వినగానే మావాడు చెవులు మూసుకుని కూలబడిపోతాడు, ఇంకో బాబు రోడ్డు వైపు పరిగెడతాడు. అందుకే మూడు చప్పట్లు కొట్టి కార్డు చూపిస్తారు. అంతే, ఏం చెయ్యాలో తెలిసిపోతుంది.

మొదట్లో ఇసుక మీద కాలే పెట్టేవాడు కాదు. మూడు వారాలు మెట్ల మీద కూర్చుని చూశాడు. ఎవరూ లాగలేదు, బతిమాలలేదు. నాలుగో వారం తనే దిగాడు.

ఇవాళ నడక అయ్యాక తాడు లాగుడు. బరువు లాగినా, నెట్టినా కండరాలకీ కీళ్లకీ అందే ఆ ఒత్తిడి ఇలాంటి పిల్లల్లో చాలామందిని స్థిమితపరుస్తుందంటారు మేడంగారు. భుజాలు చెవుల దాకా ఎత్తుకుని తిరిగే పిల్లాడు వీడు. తాడు వదిలాక చూశాను, ఆ భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

వాకింగ్‌కొచ్చిన ఒకావిడ ఆగి, "దీంతో తగ్గిపోతుందామ్మా?" అని అడిగారు. ఆటిజం తగ్గడానికి కాదండీ, పిల్లలన్నాక ఆడుకోవాలి కదా అన్నాను. ఆదివారాలు తొమ్మిదికల్లా నిద్రపోతున్నాడని కూడా చెప్పాను. మా ఇంట్లో అది చిన్న సంగతి కాదు.

పోయినేడాది ఒక స్కేటింగ్ క్లాసులో చేర్పిస్తే నాలుగో రోజే, "లైన్లో నిలబడట్లేదండీ, మిగతా పిల్లలు డిస్టర్బ్ అవుతున్నారు" అని పంపించేశారు. ఇంటికొచ్చి వంటింట్లో ఏడ్చాను. వైకల్యం ఉన్న పిల్లలకీ రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. ఆ గంట ఎక్కడ ఆడాలి మా పిల్లలు? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

చివర్లో ఒప్పులకుప్ప. ఇన్నాళ్లూ నాతో తప్ప ఎవరితోనూ తిరగలేదు. ఇవాళ మాటలు రాని ఓ పాప వచ్చి, చేతులు ఒకదాని మీదొకటి అడ్డంగా పెట్టి చాచి వాడి ముందు నిలబడింది. వాడు ఆ పాప మొహం చూడలేదు. ఆకుపచ్చ గాజుల్నే చూశాడు, చాలాసేపు. నేను ఊపిరి బిగబట్టాను. ముందు రెండు వేళ్లు అందించాడు, తర్వాత చెయ్యి, తర్వాత రెండోది. ఇసుకలో కాళ్లు దిగబడుతుంటే నెమ్మదిగా మూడు చుట్లు తిరిగారు. ఆగాక గాజులవైపే చూస్తూ "మళ్లీ" అన్నాడు.

ఆ మాట అన్నది నాతో కాదు, ఆ పాపతో.

ఇప్పుడు ఎనిమిదీ నలభై, నిద్రపోతున్నాడు. చెవి వెనక ఇంకా ఇసుక ఉంది. వచ్చే వారానికి ఒక కార్డు ఎక్కువ గీయాలి. ఆకుపచ్చ స్కెచ్ పెన్ను ఎండిపోయింది, రేపు కొనాలి.